కొలిమి ఆరినది, మైదానం నిలిచినది

వారసత్వం అనగానే మన కనుల ముందు కోటలు, మసీదులు, దేవాలయాలు, శిలాశాసనాలు నిలుస్తాయి. పొగగొట్టాన్ని గాని, ఆటస్థలాన్ని గాని వారసత్వంగా భావించే అలవాటు మనకు లేదు. రాజులు కట్టించినది వారసత్వం, కూలీలు కట్టినది కట్టడం మాత్రమే అన్నట్లుగా మన చూపు స్థిరపడిపోయినది. ఈ చూపు సరియైనది కాదని మా అభిప్రాయం. అందుకు సాక్ష్యంగా మేము ఎన్నుకొన్నది దూరదేశంలోని ఒక చిన్న పట్టణం. అమెరికాలోని ఓహాయో రాష్ట్రంలో, స్టార్క్ కౌంటీలో, టస్కరావస్ నది ఒడ్డున ఉన్న ఆ పట్టణం పేరు మాసిలన్. 2020 జనగణన నాటికి దాని జనాభా సుమారు 32 వేలు. మన లెక్కలో అది ఒక చిన్న మునిసిపాలిటీ. అయినప్పటికీ అమెరికాలో పాఠశాలల ఫుట్‌బాల్ మాట వచ్చిన చోట ఆ ఊరి పేరు రాక మానదు. ఓహాయో ఉక్కు చరిత్ర వ్రాసేవారు ఆ ఊరిని దాటి పోలేరు.

ఇక్కడ పాఠకులకు ఒక మాట ముందుగా మనవి చేయవలసి ఉన్నది. హైదరాబాదులో ఫుట్‌బాల్ అనగానే ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టును నాలుగవ స్థానం వరకు నడిపించిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు గుర్తుకు వస్తారు. కాలితో ఆడే గుండ్రని బంతి గుర్తుకు వస్తుంది. మేము చెప్పబోవు ఆట అది కాదు. కోడిగుడ్డు వలె కోలగా ఉన్న బంతిని చేతబట్టి పరుగెత్తుతూ, విసురుతూ, ఎదుటివారిని భుజబలంతో నెట్టుకొంటూ గీత దాటించే ఆట అది. జట్టుకు పదకొండుగురు. అది బలంతో పాటు క్రమశిక్షణను, ఒకరి అడుగుకు మరొకరి అడుగును జత చేసే నేర్పును కోరుతుంది. ఉక్కు కర్మాగారంలో పని చేసినవారికి ఈ రెండు గుణాలూ కొత్తవి కావు.

మాసిలన్ గురించి రెండు రకాల మాటలు వినవస్తాయి. కర్మాగారాలు మూతపడిన తరువాత ఆ ఊరిని నిలబెట్టినది ఆటయే అని కొందరు అంటారు. అన్నం పెట్టని ఆట మోజులో పడి ఆ ఊరు తన అసలు నష్టాన్ని మరచిపోయినదని మరికొందరు అంటారు. మేము ఈ రెండు మాటలతోనూ పూర్తిగా ఏకీభవించలేము. ఆ ఊరిలో ఆట వేరు, శ్రమ వేరు కావు. ఏ మైదానాన్ని చూసి ఆ ఊరు గర్విస్తున్నదో, ఆ మైదానమే పని కోసం అడిగిన వారి చేతులతో లేచినది. ఈ సంగతిని విడిచి ఆట చరిత్రను మాత్రమే చెప్పుకొన్నచో అది సగం వారసత్వమే అవుతుంది. ఇదియే మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట.

మాసిలన్ పట్టణాన్ని 1826లో జేమ్స్ డంకన్ స్థాపించినాడు. ఫ్రాన్సు దేశపు ప్రసిద్ధ మతబోధకుడు, బిషప్పు అయిన జాన్ బాప్తిస్త్ మాసియోఁ పేరును దానికి పెట్టినారు. ఓహాయో - ఈరీ కాలువ ఆ ఊరి మీదుగా పారినది. చుట్టుపక్కల రైతులు పండించిన గోధుమలు బండ్ల మీద అక్కడికి చేరి, అక్కడ పడవలకు ఎక్కేవి. ధాన్యం ఉన్న చోటికి దానిని నూర్చే యంత్రం రావడం సహజం. 1842లో ఆరంభమైన రస్సెల్ కంపెనీ నూర్పిడి యంత్రాలను, తరువాత ఆవిరి యంత్రాలను తయారు చేసి ఊరికి పేరు తెచ్చినది. అటు తరువాత రైలు వచ్చినది, బొగ్గు వచ్చినది. ఆ విధంగా ఉక్కు రాకకు ముందే ఆ ఊరి చేతులు ఇనుముకు అలవాటు పడినాయి.

1893లో అమెరికాలో గొప్ప ఆర్థిక సంక్షోభం ఏర్పడినది. లక్షలాది మంది పనిలేక వీధిపాలైనారు. అప్పుడు మాసిలన్‌లో జేకబ్ కాక్సీ అను వ్యాపారి ఉండేవాడు. ఆయనకు అక్కడ ఇసుకరాతి గని ఉండేది. ధనవంతుడై ఉండి కూడా ఆయన నిరుద్యోగుల పక్షాన ఆలోచించినాడు. ప్రభుత్వం కాగితపు నాణెం విడుదల చేసి, దానితో రోడ్లు వేయించి, పని లేని వారందరికీ పని కల్పించాలి అనునది ఆయన కోరిక. 1894 మార్చి 25న, ఈస్టరు పండుగనాడు, సుమారు వంద మందితో ఆయన మాసిలన్ నుండి రాజధాని వాషింగ్టన్‌కు కాలినడకన బయలుదేరినాడు. దారిలో మరికొందరు కలిసినారు. పత్రికలు దానిని ‘కాక్సీ సేన’ అని పిలిచినాయి. మే 1వ తేదీన వారు పార్లమెంటు భవనం చేరినారు. మెట్ల మీద నిలబడి తన విన్నపాన్ని చదువబోయిన కాక్సీని పోలీసులు ఆపివేసినారు. పచ్చిక త్రొక్కినందుకు ఆయనను అరెస్టు చేసి జైలుకు పంపినారు. పని అడిగినవానికి లభించిన జవాబు అది.

అదే 1894వ సంవత్సరంలో మాసిలన్ పాఠశాల జట్టు, పొరుగున పది మైళ్లలోపే ఉన్న కాంటన్ నగర పాఠశాల జట్టుతో మొదటిసారి ఫుట్‌బాల్ ఆడినది. ఈ రెండు సంఘటనలకు ఆనాడు ఎవరూ సంబంధం చూచి ఉండరు. సంబంధం నలుబది ఐదేండ్ల తరువాత బయటపడినది. ఆ సంగతి ముందు చెప్పుకొందాము.

పాఠశాల ఆట ఒకవైపు సాగుతుండగా, 1903లో ఊరి పెద్దలు మాసిలన్ టైగర్స్ అను జట్టును ఏర్పాటు చేసినారు. కాంటన్ వారు తమ బుల్‌డాగ్స్ జట్టును ఎదురు నిలిపినారు. జయకాంక్షతో రెండు పట్టణాలూ బయటి నుండి డబ్బిచ్చి ఆటగాండ్లను తెచ్చుకొనసాగినాయి. పందేలు పెరిగినాయి. 1906లో రెండు జట్లూ రెండు ఆటలు ఆడగా ఒకదానిలో కాంటన్, మరొకదానిలో మాసిలన్ గెలిచినాయి. వెంటనే ఆటను ముందుగానే అమ్ముకొన్నారని ఆరోపణలు లేచినాయి. ఆ అపకీర్తితోను, అప్పులతోను కొద్ది కాలంలోనే ఆ వైభవం కుప్పకూలినది. 1920 సెప్టెంబరు 17న కాంటన్‌లోని ఒక మోటారు కార్ల దుకాణంలో కొన్ని జట్ల ప్రతినిధులు సమావేశమై ఒక సంఘాన్ని స్థాపించినారు. అదియే నేటి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్. అయితే ఆ లీగ్ పుట్టిన కాంటన్‌లో కూడ దాని జట్టు 1926 తరువాత నిలువలేదు. జట్లు పెద్ద నగరాలకు తరలిపోయినాయి. డబ్బు తెచ్చిన ఆటను డబ్బే మరల తీసుకొనిపోయినది. పాఠశాల ఆట మాత్రం ఎక్కడికీ పోలేదు. పోవడానికి దానికి వేరే ఊరు లేదు. ఈ భేదాన్ని పాఠకులు మనస్సులో ఉంచుకొనవలెనని కోరుతున్నాము.

మొదటి ప్రపంచ యుద్ధకాలం నాటికి మాసిలన్‌లో ఉక్కు కర్మాగారం ముఖ్యమైన జీవనాధారమైనది. సెంట్రల్ స్టీల్ కంపెనీ మోటారు వాహనాలకు కావలసిన మిశ్రమలోహ ఉక్కును తయారు చేయసాగినది. ఇనుముకు నికెల్, క్రోమియం వంటి లోహాలను తగు పాళ్లలో కలిపినచో, గట్టిదనంతో పాటు సాగే గుణం, తుప్పు పట్టని గుణం కలుగుతాయి. 1926లో ఆ కంపెనీ మరొక కంపెనీతో కలిసి సెంట్రల్ అల్లాయ్ స్టీల్‌గా మారినది. 1930లో అది రిపబ్లిక్ స్టీల్ అను పెద్ద సంస్థలో విలీనమైనది. ఐరోపా దక్షిణ, తూర్పు దేశాల నుండి వలస వచ్చినవారు, అమెరికా దక్షిణ రాష్ట్రాల నుండి వచ్చిన నల్లజాతి వారు ఇటువంటి కర్మాగారాలలో చెమటోడ్చినారు. భాషలు వేరు, ప్రార్థనలు వేరు. షిఫ్టు కూత మాత్రం అందరికీ ఒక్కటే. వారి పిల్లలు ఒకే ప్రభుత్వ పాఠశాలలో చదివినారు. శుక్రవారం రాత్రి ఒకే జట్టును చూచి కేకలు వేసినారు. ఒకే ఊరి వారము అన్న భావన వారికి పుస్తకాల నుండి రాలేదు. ఆ పాఠశాల బల్లల మీద, ఆ మైదానపు మెట్ల మీద పుట్టినది.

1932లో ఆ పాఠశాలకు పాల్ బ్రౌన్ అను యువ ఉపాధ్యాయుడు శిక్షకుడుగా వచ్చినాడు. ఆయన తండ్రి రైల్వే ఉద్యోగి. బాల్యంలో ఆ ఊరికి వచ్చి, అదే పాఠశాలలో చదివి, అదే జట్టులో ఆడినవాడు. బయటివాడు కాడు. ఆయన ఆటను తరగతిగదిలోనికి తెచ్చినాడు. ప్రతి ఆటగాని చేతికి నోటుపుస్తకం ఇచ్చి వ్యూహాలను వ్రాయించినాడు, పరీక్షలు పెట్టినాడు, ఆటల చలనచిత్రాలను చూపి తప్పులు దిద్దినాడు. చిన్న తరగతుల జట్లకు కూడ పెద్ద జట్టు పద్ధతులనే నేర్పించినాడు. అందువలన పెద్ద జట్టుకు చేరునాటికి బాలునకు ఆ పాఠం కంఠస్థమై ఉండేది. తొమ్మిదేండ్లలో ఆయన జట్టు 90 ఆటలు ఆడి 80 గెలిచినది, 8 ఓడినది, 2 సమం చేసినది. 1935 నుండి 1940 వరకు ఆరు సంవత్సరాలలో ఒకే ఒక్క ఆట ఓడినది. 1940 జట్టు ఏడాది పొడవునా 477 పాయింట్లు సాధించి, ఎదుటివారికి మొత్తం మీద ఇచ్చినవి ఆరు పాయింట్లు మాత్రమే. ఇవి ఆ ఊరి పిల్లలకు ఎక్కాల వలె నోటికి వచ్చే లెక్కలు.

ఆ విజయాల నడుమనే మరొక లెక్క కూడ ఉన్నది. 1937 వేసవిలో రిపబ్లిక్ స్టీల్ మొదలైన కొన్ని కంపెనీలలో కార్మికులు సమ్మె చేసినారు. తమ సంఘాన్ని గుర్తించి, తమతో ఒప్పందంపై సంతకం చేయవలెనని వారి కోరిక. యాజమాన్యం నిరాకరించినది. మే 30న చికాగోలో రిపబ్లిక్ కర్మాగారం వద్ద పోలీసుల కాల్పులలో పదిమంది మరణించినారు. జూలై 11వ తేదీ రాత్రి మాసిలన్‌లో సంఘ కార్యాలయం వద్ద పోలీసులు కాల్పులు జరిపినారు. కార్మికులు ప్రాణాలు కోల్పోయినారు, అనేకులు గాయపడినారు. సమ్మె ఓడిపోయినది. కాని న్యాయపోరాటం ఆగలేదు. 1942 నాటికి రిపబ్లిక్ సంస్థ కార్మిక సంఘాన్ని గుర్తించక తప్పలేదు. ఆ రాత్రి నేలకూలినవారిలో ఎందరి పిల్లలు, ఎందరి తమ్ములు ఆ శరదృతువులో మైదానపు మెట్ల మీద కూర్చున్నారో లెక్క వ్రాసినవారు లేరు. ఆటల లెక్కలను భద్రపరచిన చేతులే ఈ లెక్కను కూడ భద్రపరచి ఉంటే ఎంత బాగుండేది!

మేము పైన చెప్పెదమన్న సంబంధం ఇక్కడ ఉన్నది. 1930లలో అమెరికా అంతటా నిరుద్యోగం ప్రబలినప్పుడు, అధ్యక్షుడు రూజ్‌వెల్టు ప్రభుత్వం 1935లో ప్రజాపనుల సంస్థ ఒకటి స్థాపించినది. పని లేని వారికి కూలి ఇచ్చి రోడ్లు, వంతెనలు, పాఠశాలలు, ఆటస్థలాలు కట్టించుట దాని పని. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకాన్ని ఎరిగిన మన పాఠకులకు ఈ ఆలోచన కొత్త కాదు. మాసిలన్‌లో ఆ సంస్థ సహాయంతో నిర్మించిన ఆటస్థలం 1939లో ప్రారంభమైనది. ఆ ఊరి ఆనాటి జనాభాలో సగానికి మించిన మంది దానిలో కూర్చొనగలరు. 1894లో కాక్సీ అడిగినది ఇదియే కదా! పచ్చిక త్రొక్కినాడని ఎవరిని జైలులో పెట్టినారో, ఆయన కోరిక నలుబది ఐదేండ్లకు ఆయన ఊరిలోనే ఒక పచ్చిక మైదానమై వెలసినది. ఆయన అప్పటికి జీవించియే ఉన్నాడు. 1931లో అదే ఊరికి మేయరుగా కూడ ఎన్నికైనాడు. 1944 మే 1న, తొంబది ఏండ్ల వయస్సులో, వాషింగ్టన్‌లోని ఆ మెట్ల మీదనే నిలబడి, యాబది ఏండ్ల క్రితం చదువనీయని తన విన్నపాన్ని అధికారుల అనుమతితో చదివినాడు.

1976లో ఆ ఆటస్థలానికి పాల్ బ్రౌన్ పేరు పెట్టినారు. అది సముచితమే. కాని ఆ మెట్ల క్రింద కాక్సీ కోరిక, పేరు లేని కూలీల శ్రమ కూడ ఉన్నవని చెప్పేవారు ఉండవలెను. పేరు పలక మీద ఒక్కరి పేరే పట్టవచ్చును. జ్ఞాపకంలో మాత్రం అందరికీ చోటు ఉండవలెను.

ఈ ఆట మనుష్యులను కలిపినదని చెప్పుటకు మరొక దృష్టాంతం ఉన్నది. 1933 తరువాత పన్నెండేండ్ల పాటు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో నల్లజాతి ఆటగాండ్లకు ప్రవేశం లేకపోయినది. వ్రాసిన నిబంధన ఏదీ లేదు. తలుపు మాత్రం మూసియున్నది. ఆ కాలంలోనే మాసిలన్ పాఠశాల 1940 జట్టులో హొరేస్ గిల్లం అను నల్లజాతి యువకుడు ఆడినాడు. కాంటన్‌లోని మెకిన్లీ పాఠశాల జట్టులో మేరియన్ మాట్లీ అను నల్లజాతి యువకుడు ఆడినాడు. మాట్లీ ఆడిన కాలంలో ఆ జట్టు మూడు ఆటలే ఓడినది; మూడును బ్రౌన్ జట్టు చేతిలోనే. ప్రత్యర్థి బలాన్ని బ్రౌన్ మరువలేదు. 1946లో క్లీవ్‌లాండ్‌లో కొత్తగా తన పేరనే ఏర్పడిన వృత్తి జట్టుకు శిక్షకుడైనప్పుడు మాట్లీని, బిల్ విల్లిస్‌ను చేర్చుకొన్నాడు. మరుసటి సంవత్సరం గిల్లం కూడ వచ్చినాడు. బ్రౌన్ దీనిని దానధర్మంగా చేయలేదు. గెలవవలెనన్న పట్టుదలతో యోగ్యులను ఎంచుకొన్నాడు. మైనారిటీ విద్యాసంస్థలో చదువుతున్న మన విద్యార్థులు ఈ విషయాన్ని గమనింతురు గాక. మనకు కావలసినది ఎవరి జాలీ కాదు. అందరికీ ఒకే గీత, ఒకే కొలత ఉన్న మైదానం.

ఇక పతనం సంగతి. 1977 సెప్టెంబరు 19న అదే రాష్ట్రంలోని యంగ్స్‌టౌన్‌లో ఒక పెద్ద ఉక్కు కర్మాగారం మూసివేత ప్రకటించబడినది. దాదాపు ఐదువేల మంది పని కోల్పోయినారు. పాతబడిన కొలుములు, విదేశీ పోటీ, లాభాలను యంత్రాల మీద తిరిగి పెట్టని యాజమాన్యాలు అనేక పట్టణాలను అదే దారి పట్టించినాయి. 1984లో రిపబ్లిక్ స్టీల్‌ను టెక్సాస్‌లోని డాలస్ కేంద్రంగా ఉన్న ఎల్.టి.వి. సంస్థ తనలో కలుపుకొన్నది. రెండేండ్లకు, 1986లో, ఆ సంస్థ దివాలా దరఖాస్తు పెట్టుకొన్నది. 1989లో ఒక సాహసం జరిగినది. మాసిలన్, కాంటన్ మొదలైన చోట్ల ఉన్న మిశ్రమలోహ ఉక్కు విభాగాన్ని ఉద్యోగులే వాటాదారులై కొన్నారు; రిపబ్లిక్ ఇంజనీర్డ్ స్టీల్స్ అని పేరు పెట్టి, మాసిలన్‌లోనే ప్రధాన కార్యాలయం ఉంచినారు. అది కొన్ని సంవత్సరాలు నడిచినది. 1998లో ఆ సంస్థ పెట్టుబడి సంస్థల చేతిలోనికి పోయినది. 2001లో మరల దివాలా వచ్చినది.

కొలిమి ఎందుకు ఆరినది, ఆట ఎందుకు ఆరలేదు? మా ఆలోచనకు తోచిన సమాధానం ఇది. కర్మాగారాన్ని ఉంచుట, తీసివేయుట గూర్చిన నిర్ణయం ఆ ఊరి చేతిలో లేదు. క్లీవ్‌లాండ్‌లో, డాలస్‌లో ఉన్నది. ఆట నిర్ణయాలు మాత్రం ఊరి చేతిలో ఉన్నవి. పాఠశాల ఊరిది, పన్ను ఊరిది, టిక్కెట్టు కొనేవాడు ఊరివాడు, 1934లో ఏర్పడిన బూస్టర్ క్లబ్బు ఊరివారి సంఘం, 1938లో ఏర్పడిన వాద్యబృందం ఊరి పిల్లల బృందం. తన చేతిలో ఉన్నదానిని ఊరు కాపాడుకొన్నది. ఇతరుల చేతిలో ఉన్నదానిని ఇతరులు తీసుకొనిపోయినారు. 1903 నాటి డబ్బు జట్టు కథ కూడ ఇదే పాఠం చెప్పినది.

కార్మికులే యజమానులైన కంపెనీ కూడ నిలువలేదు కదా అని ఎవరైనా అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్న. ఉక్కును లోకమంతటికీ అమ్మవలెను, లోకమంతటితోనూ పోటీ పడవలెను. ఆటకు పది మైళ్ల దూరంలో ఒక ప్రత్యర్థి ఉంటే చాలును. కనుక మైదానాన్ని కాపాడినంత సులభంగా కొలిమిని కాపాడవచ్చునని మేము అనము. తన చేతిలోనికి తీసుకొనుట చాలదు, అది లేనిదే ఏదీ నిలువదు అని మాత్రమే మా భావం.

మాసిలన్‌ను కేవలం పొగడుట మా ఉద్దేశం కాదు. 1999 నాటి ఆటల ఋతువును చిత్రించి 2001లో విడుదలైన ‘గో టైగర్స్’ అను డాక్యుమెంటరీలో, శరీరం మరింత ఎదుగుటకై కొందరు బాలుర చేత ఎనిమిదవ తరగతిని మళ్లీ చదివించిన సంగతి కనిపిస్తుంది. బడి కోసం ఆట ఉండవలసినది, ఆట కోసం బడి ఉన్నట్లయినది. ఇది మాకు సమ్మతం కాదు. ఆ ఊరిలో మగశిశువు పుట్టినచో ఆసుపత్రిలోనే చిన్న ఫుట్‌బాల్‌ను కానుకగా ఇచ్చే ఆచారం ఏర్పడినది. ముచ్చటైన ఆచారమే. కాని ఆడశిశువు మాటేమి? వారసత్వంలో సగం మంది పిల్లలకు పుట్టుకతోనే పాలు లేనిచో దానిని ఊరి వారసత్వం అనవచ్చునా? మరియు 2018లో ఆ ఊరి ఆసుపత్రియే మూతపడినది. బంతిని ఇచ్చే చేతులు ఉన్నవి, బిడ్డ పుట్టవలసిన చోటు లేకుండా పోయినది. ఆట ఊరిని నిలబెట్టినదని చెప్పేవారు ఈ మూసిన తలుపుల ముందు ఒక్క నిమిషం నిలిచి ఆలోచించవలెను. ఆట ధైర్యం ఇస్తుంది, మందు ఇవ్వదు. తోడు ఇస్తుంది, జీతం ఇవ్వదు.

అయినను ఆ తోడు చిన్నది కాదు. 1972లో ఓహాయోలో రాష్ట్రస్థాయి నాకౌట్ పోటీలు ప్రారంభమైన తరువాత మాసిలన్ పలుమార్లు తుది పోటీ వరకు వెళ్లి ఓడినది. అంతకు ముందు పత్రికల ఎంపిక ద్వారా లభించిన బిరుదులు ఎన్ని ఉన్నా, మైదానంలో గెలిచిన బిరుదు లేదన్న కొరత యాబదేండ్లు మిగిలినది. 2023 నవంబరు 30న, పొరుగు నగరం కాంటన్‌లో జరిగిన తుది పోటీలో మాసిలన్ 7-2 తేడాతో గెలిచినది. ఆ సంవత్సరం ఆడిన 16 ఆటలలోనూ వారికి ఓటమి లేదు. రిపబ్లిక్ సంస్థ పేరును కర్మాగారపు గోడ మీద చూడక, తాతల నోట మాత్రమే విన్న పిల్లలు సాధించిన విజయం అది.

విద్యార్థి మిత్రులారా! ఇంత దూరపు ఊరి కథ మనకెందుకని మీరు అడుగవచ్చును. మన ఇండ్లలో కూడ కొలుములు ఉన్నవి. మనలో ఎందరి తండ్రులో, తాతలో మగ్గం మీద, లేతు యంత్రం మీద, ప్రెస్సులో, వర్కుషాపులో పని చేసినవారు. ఆ పనుల పేర్లు, పనిముట్ల పేర్లు, ఆ పని నేర్పిన ఉస్తాదుల పేర్లు మనం ఎక్కడ వ్రాసి ఉంచినాము? కప్పు గెలిచిన జట్టు ఛాయాచిత్రం ప్రతి సంచికలోనూ పడుతుంది. తెల్లవారుఝామున వచ్చి మైదానంలో సున్నపు గీతలు వేసినవాని పేరు ఏ సంచికలో పడినది? మాసిలన్ చేసిన పొరపాటును మనం ఇంతకన్న చిన్న స్థాయిలో ప్రతి సంవత్సరం చేస్తూనే ఉన్నాము.

కళాశాల పాలకవర్గం వారికి మేము సవినయంగా రెండు మనవులు చేస్తున్నాము. మొదటిది: రాబోవు సంచికలో కొన్ని పుటలు విద్యార్థుల కుటుంబవృత్తుల చరిత్రకు కేటాయించవలెను. ఉర్దూ విభాగంలో ఉర్దూలోను, తెలుగు విభాగంలో తెలుగులోను, విద్యార్థినీ విద్యార్థులు తమ పెద్దలను అడిగి తెలిసికొని వ్రాయవలెను. ఆటల జట్టు పట్టిక క్రింద మైదానాన్ని చూచుకొనే సిబ్బంది పేర్లను కూడ ముద్రించవలెను. రెండవది: ఖాళీ నేల కనిపించిన చోటనెల్లా గది కట్టవలెనన్న ఆలోచన విద్యాసంస్థలకు సహజం, గదుల అవసరాన్ని మేము కాదనము. కాని మైదానాన్ని ఖాళీ నేలగా లెక్కించవద్దని ప్రార్థన. అది కట్టడం లేని తరగతిగది. అక్కడ విద్యార్థినులకు కూడ సమయం, స్థలం కేటాయింపబడవలెను.

కొలుములు ఆరుట, ఆరకపోవుట మన చేతిలో ఎల్లప్పుడూ ఉండకపోవచ్చును. ఆ కొలిమి దగ్గర నిలబడినవారిని జ్ఞాపకం ఉంచుకొనుట మాత్రం మన చేతిలోనే ఉన్నది. ఆ పని ఈ సంవత్సరమే మొదలు పెట్టెదము.